ఒక్కపొద్దు ఎవరి కోసం?

శ్రమకాలం (ఈస్టరుకు ముందు నలభై రోజులు) మొదలయ్యే భస్మ బుధవారం గడిచిన దగ్గర నుంచి ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఉపవాసం గురించినవే. ఒకే రకమైన ప్రశ్నలను కలిపి, రాసినవారి ఊరు మాత్రం ఉంచి, ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాను.

హనుమకొండ నుంచి ఒక సోదరి: అయ్యగారికి వందనాలు. మా అబ్బాయికి ఉద్యోగం రావాలని మూడేళ్లుగా ప్రతి శుక్రవారం ఉపవాసముండి ప్రార్థిస్తున్నాను. పరీక్ష రాసిన ప్రతిసారీ కొద్ది మార్కుల్లో పోతోంది. "నీ విశ్వాసంలోనే లోపముంది, ఇరవై ఒక్క రోజుల ఉపవాసం పట్టు, తలుపు తెరుచుకుంటుంది" అని మా కూటమిలో ఒకరు అన్నారు. నా విశ్వాసం నిజంగా అంత చిన్నదా?

అమ్మా, మూడేళ్లపాటు ఒకే మనవిని విడవకుండా దేవుని సన్నిధికి తెచ్చిన తల్లి విశ్వాసాన్ని కొలిచే హక్కు ఆ మాట అన్నవారికి లేదు. అన్నీ పోగొట్టుకున్న యోబు స్నేహితులు ముగ్గురూ మొదటి ఏడు రోజులు అతని పక్కన నేలమీద మౌనంగా కూర్చున్నంతవరకు మంచి స్నేహితులే. నోరు తెరిచి, అతని కష్టానికి కారణాన్ని అతనిలోనే వెదకడం మొదలుపెట్టాకే వారు దేవుని మందలింపుకు గురయ్యారు. మీ కూటమివారి మాటను అక్కడే వదిలేసి, మీ ఉపవాసం సంగతి చూద్దాం.

వారానికి ఒక రోజు తిండి మానితే వినని దేవుడు ఇరవై ఒక్క రోజులు మానితే వింటాడనుకోవడంలో ఒక చిక్కుంది. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలకు వ్యాపారులు పాట పెంచుకుంటూ పోయినట్టు, మనం రోజులు పెంచుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట దేవుడు సరేనంటాడన్న లెక్క అందులో ఉంది. నీనెవె పట్టణస్థులు ఉపవాసముంటే దేవుడు తన తీర్పును ఆపలేదా అని మీరు అడగవచ్చు. ఆపాడు. అయితే దేవుడు చూసింది వారు తమ చెడు నడతను విడిచిపెట్టడాన్ని అని యోనా గ్రంథం మూడవ అధ్యాయం చివర స్పష్టంగా రాసి ఉంది. వారి ఖాళీ కడుపుల ప్రస్తావన అక్కడ లేదు.

మీరు ఈ వారం రెండవ సమూయేలు పన్నెండవ అధ్యాయం నెమ్మదిగా చదవండి. జబ్బుపడిన బిడ్డ కోసం దావీదు నేలమీద పడి ఉపవాసముంటాడు, ఇంటి పెద్దలు లేపబోయినా లేవడు. ఏడవ రోజున బిడ్డ చనిపోతాడు. ఆ వార్త చెబితే రాజు ఏం చేసుకుంటాడోనని సేవకులు భయపడుతుంటే, దావీదు లేచి, స్నానం చేసి, బట్టలు మార్చుకుని, మందిరానికి వెళ్లి మొక్కి, ఇంటికి వచ్చి భోజనం అడుగుతాడు. అడిగింది దొరకని రోజునే ఆరాధనకు వెళ్లిన ఆ అడుగులో ఉన్నంత నమ్మకం, కోరిక తీరినవారి సాక్ష్యాల్లో నాకు అరుదుగా కనిపిస్తుంది. మన కూటముల్లో ఉద్యోగం వచ్చినవారిని, వీసా వచ్చినవారిని సాక్ష్యం చెప్పమని ముందుకు పిలుస్తాం. రానివారిని పిలవం. అందుకే రానివారు తమలో ఏదో తప్పుందనుకుని వెనుక వరుసలకు జరిగిపోతారు.

ఇంకో మాట కూడా చెప్పాలి, నొప్పించినా క్షమించండి. మీ అబ్బాయి ప్రతి పరీక్షకూ తన సిలబస్‌తో పాటు మీ ఆకలిని కూడా మోసుకెళ్తున్నాడేమో ఆలోచించారా? ఫలితం వచ్చిన రోజు తాను తప్పానన్న బాధకు, అమ్మ ఇన్ని శుక్రవారాలు పస్తున్నది వృథా చేశానన్న బాధ తోడవుతుంది. ఆ కుర్రవాడు నిజంగా కోరుకునేది ఈ ఉద్యోగమేనా, లేక వేరే పని ఏదైనా చేద్దామని ఉండి మీతో చెప్పలేకపోతున్నాడా? పారసీక రాజు కొలువులో ఉన్న నెహెమ్యా, కూలిన యెరూషలేము గోడల కోసం ఉపవాసముండి ప్రార్థించాడు, ఆ తర్వాత రాజు ఎదుట నిలబడి సెలవు అడిగాడు, దారి కోసం తాకీదులు అడిగాడు, కలప కూడా అడిగాడు. ఉపవాసం అతని చేత ఒక కష్టమైన సంభాషణ చేయించింది. మీ ఉపవాసం మీ చేత మీ కొడుకుతో ఆ సంభాషణ చేయిస్తే, ఇరవై ఒక్క రోజుల అవసరం ఉండకపోవచ్చు.

శుక్రవారం మానమని నేను చెప్పడం లేదు. ఒకటి రెండు శుక్రవారాలు ఏమీ అడగకుండా ఉండి చూడండి. అంతియొకయ పట్టణంలోని తొలి క్రైస్తవ సంఘం ఉపవాసముండి ప్రభువును సేవిస్తున్నప్పుడు వారు ఏదో అడిగినట్టు అపొస్తలుల కార్యములు చెప్పదు. పరిశుద్ధాత్మే మాట్లాడి, బర్నబాను, సౌలును పనికి పంపమన్నాడు. అడగడం ఆపినప్పుడు వినడానికి చోటు దొరుకుతుంది. "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అన్న తండ్రి బిడ్డను యేసు బాగుచేశాడని మార్కు సువార్త తొమ్మిదవ అధ్యాయంలో ఉంది కదా. సగం నమ్మకంతో వచ్చినవారిని కూడా ఆయన వెనక్కి పంపలేదు.

నర్సంపేట నుంచి ఒక చెల్లెలు: మా అమ్మకు 64 ఏళ్లు, షుగర్ ఉంది, రోజూ మాత్రలు వేసుకుంటుంది. ఈ శ్రమకాలంలో నలభై రోజులూ సాయంత్రం వరకు నీళ్లు కూడా ముట్టనని పట్టుబట్టింది. విశ్వాసమున్నవారికి మాత్రలెందుకని ఒక సభలో విన్నదట. ఎలా చెప్పాలి?

వెంటనే చెప్పాలి, గట్టిగా చెప్పాలి. షుగర్‌ను దించే కొన్ని మాత్రలు వేసుకుంటూ గానీ, ఇన్సులిన్ తీసుకుంటూ గానీ తిండి మానేస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. ఒళ్లంతా చెమటలు పట్టడం, చేతులు వణకడం, మాట తడబడటం కనిపించినా, మీటర్‌లో 70 కన్నా తక్కువ చూపించినా ఆ క్షణమే గ్లూకోజు గానీ చక్కెర నీళ్లు గానీ తాగించాలి. ఉపవాసం ముగిసే గంట కోసం చూడకూడదు. మాత్రలు కూడా మానేస్తే చక్కెర మరో వైపు పెరిగిపోతుంది. మన వరంగల్ వైపు మార్చి, ఏప్రిల్ ఎండల్లో పగలంతా నీళ్లు లేకుండా ఉండటం ఆ వయసువారి మూత్రపిండాలకు ఎంత భారమో డాక్టరు గారే అమ్మకు చెబితే బాగుంటుంది. ఒకసారి వెంటబెట్టుకుని వెళ్లండి.

ఇక వాక్యం సంగతి. పౌలు తిమోతికి కడుపు జబ్బు కోసం ఏం పుచ్చుకోవాలో రాశాడు, ఉపవాసంతో బాగవుతుందని రాయలేదు. తన సహచరుడు త్రోఫిము జబ్బుపడితే అతన్ని మిలేతులో విడిచి వచ్చానని రాశాడు గాని, అతని విశ్వాసాన్ని తప్పుపట్టలేదు. ఆయన వెంట తిరిగిన లూకా వైద్యుడు. ఉపవాస నియమాన్ని శతాబ్దాలుగా కాపాడుకుంటూ వచ్చిన కతోలిక సంఘం కూడా ఆ నియమాన్ని 18 ఏళ్లు నిండినవారి నుంచి 59 ఏళ్లు నిండేవరకే వర్తింపజేస్తుంది. అది కూడా భస్మ బుధవారం, శుభ శుక్రవారం మాత్రమే, ఒక పూర్తి భోజనం, రెండు చిన్న ఫలహారాలకు అనుమతి ఇస్తూ. అమ్మకు ఏదైనా మానుకోవాలన్న తపన ఉంటే దానియేలు మూడు వారాలు రుచికరమైన భోజనం, మాంసం మానిన తీరు ఉంది. వేళకు తిని, వేళకు మాత్ర వేసుకుని, ఆదివారం మాంసం కూర ఖర్చును ఒక విధవరాలికి పంపమనండి. మాత్రలు మానమని వేదిక మీద నుంచి చెప్పేవారు, తమకు జ్వరం వస్తే ఎక్కడికి వెళ్తారో కూడా అమ్మను గమనించమనండి.

పరకాల దగ్గరి గ్రామం నుంచి ఒక సోదరి: ఈ ఏడు పత్తి దెబ్బతిన్నది. అయినా నా భర్త నూటికి మూడు రూపాయల మిత్తికి ఇరవై వేలు తెచ్చి కానుక వేశారు. దేవుని మీద భారం వేస్తే ఆయనే చూసుకుంటాడంటారు. నేను ఎదురు చెబితే అవిశ్వాసిని అంటారు.

చెల్లెమ్మా, ముందు లెక్క చూద్దాం. నెలకు 600 రూపాయల మిత్తి, ఏడాదికి 7,200. మీ భర్త దేవునికి ఇరవై వేలు ఇచ్చారనుకుంటున్నారు. నిజానికి షావుకారికి ప్రతి ఏటా ఏడు వేల పైచిలుకు ఇస్తూ, అసలును మీ ఇద్దరి నెత్తిన, మీ పిల్లల నెత్తిన పెట్టారు. కొరింథీయులకు రాసిన రెండవ పత్రిక ఎనిమిదవ అధ్యాయంలో, ఇచ్చేవాని దగ్గర ఉన్నదాన్ని బట్టే కానుక అంగీకరించబడుతుందని, లేనిదాన్ని బట్టి కాదని పౌలు చెప్పాడు. తల్లిదండ్రులకు చెందవలసినదాన్ని దేవునికి అర్పితమని చెప్పి తప్పించుకునేవారిని యేసు ఎంత కఠినంగా మందలించాడో మార్కు ఏడవ అధ్యాయంలో ఉంది. రెండు కాసులు వేసిన బీద విధవరాలిని అందరూ ఉదాహరణగా తెస్తారు గనుక ఇదీ చెప్పాలి: ఆమె తన దగ్గర ఉన్నది వేసింది, అప్పు తెచ్చి వేయలేదు. పైగా ఆ సంఘటనకు సరిగ్గా ముందు వచనాల్లోనే, విధవరాండ్ర ఇళ్లు దిగమింగే శాస్త్రుల (యూదుల ధర్మశాస్త్ర బోధకుల) గురించి యేసు హెచ్చరించాడు. ఆ వచనాలు వదిలేసి కాసుల దగ్గరే మొదలుపెట్టే ప్రసంగాలు నాకు ఎప్పుడూ అనుమానం కలిగిస్తాయి.

దేవాలయ శిఖరం మీద నుంచి దూకితే దూతలు ఎత్తుకుంటారని సాతాను చెప్పినప్పుడు యేసు దూకలేదు, దేవుణ్ణి శోధించకూడదన్నాడు. నలభై రోజుల ఉపవాసం ముగిసిన మనిషి ఇచ్చిన జవాబు అది. మనం నమ్మకం అని పిలుచుకునేవాటిలో కొన్ని ఆ దూకుడు కిందికే వస్తాయి.

మీ భర్త భక్తిని ఎగతాళి చేయకండి. పంట పోయిన ఏడు కూడా దేవునికి ఇవ్వాలనుకున్న మనసు విలువైనదే. పంట లేకపోయినా, చేను పైరు ఇవ్వకపోయినా, సాలలో పశువులు లేకపోయినా యెహోవాయందు ఆనందిస్తానన్న హబక్కూకు చివరి వచనాలు ఇద్దరూ కలిసి చదవండి. ఆ ప్రవక్త ఖాళీ చేతులతోనే నిలబడ్డాడు. ఆ తర్వాత ఈ మిత్తి అప్పు తీర్చే మార్గం చూడండి. పాస్‌బుక్ మీ పేరనో ఆయన పేరనో ఉంటే సహకార సంఘంలో గానీ బ్యాంకులో గానీ పంట రుణం అడగవచ్చు. 3 లక్షల వరకు పంట రుణానికి వడ్డీ ఏడాదికి 7 శాతం, గడువులోగా కడితే 4 శాతమే పడుతుంది. నూటికి మూడు రూపాయల మిత్తి ఏడాదికి 36 శాతం. మీరు మహిళా సంఘంలో సభ్యురాలైతే అక్కడా అడగండి. దోర్నకల్ బిషప్‌గా 1912లో అభిషేకం పొందిన వి.ఎస్. అజరయ్య, మన పల్లె సంఘాలను పీడించేవాటిలో అప్పును, తాగుడును, రోగాన్ని, మురికిని కలిపి చెప్పేవారు. అప్పు నుంచి బయటపడటం ఆయనకు ఆత్మీయ జీవితంలో భాగమే.

కాజీపేట నుంచి ఒక విద్యార్థి: హాస్టల్‌లో భోజనం మానితే వార్డెన్ ఊరుకోరు. ఫోన్ మానితే ఉపవాసమవుతుందా?

తమ్ముడూ, ఫోన్ మానడం మంచి క్రమశిక్షణే, మొదలుపెట్టు. అయితే ఆకలి మనిషికి తాను ఎంత ఆధారపడ్డవాడో గుర్తుచేస్తుంది. ఫోన్ లేకపోవడం ఆ పని చేయదు. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఒక పూట భోజనం మాని చూడు. ఫోన్ మాని మిగిలిన సమయం నిద్రకే పోతే మాత్రం నీకు దక్కేది మంచి నిద్ర ఒక్కటే.

మహబూబాబాద్ నుంచి స్త్రీల మైత్రి (సంఘంలోని స్త్రీల కూటమి) సభ్యురాలు: శుక్రవారం ఉపవాసాల్లో మిగిలిన డబ్బుతో వరంగల్ ఎం.జి.ఎం. ఆసుపత్రి దగ్గర రోగుల వెంట వచ్చినవారికి అన్నం పంచాలనుకుంటున్నాం. పొట్లంతో పాటు కరపత్రం ఇవ్వాలని కొందరు, ఫొటోలు తీసి గ్రూపులో పెట్టాలని కొందరు అంటున్నారు. మీ సలహా ఏమిటి?

ఉపవాసంలో మిగిలినది ఎవరికి చేరాలి అన్న ప్రశ్న వేసుకున్నందుకు ముందు మీ మైత్రిని అభినందిస్తున్నాను, ఎందుకంటే చాలా చోట్ల మిగిలేది ఏమీ ఉండదు. పగలంతా ఉపవాసమని చెప్పి, సాయంత్రం ఆరాధన ముగియగానే మిర్చి బజ్జీలు, పులిహోర, సేమ్యా పాయసంతో విడవడం మన సంఘాల్లో కొత్తేమీ కాదు. మామూలు రోజు కన్నా ఖర్చు ఎక్కువ, వంటింట్లో కోడళ్లకు, పనిమనిషికి చాకిరీ ఎక్కువ. యెషయా యాభై ఎనిమిదవ అధ్యాయంలో దేవుడు తప్పుపట్టింది సరిగ్గా దీన్నే: ఉపవాస దినాన కూడా మీ పని మీరు చూసుకుంటారు, మీ పనివారిని కష్టపెడతారు అని. ఆ వెంటనే తనకిష్టమైన ఉపవాసం ఏదో చెబుతూ, ఆకలిగొన్నవారికి నీ ఆహారం పెట్టడం, దిక్కులేనివారిని ఇంట చేర్చుకోవడం, నీ రక్తసంబంధికి ముఖం చాటేయకపోవడం అన్నాడు. ఆ చివరి మాటను మనం తరచు దాటవేస్తాం. ఎం.జి.ఎం.కు బయలుదేరే ముందు, మీ మైత్రిలోనే కాళ్లు పడిపోయి కొన్ని నెలలుగా ఆదివారం రాలేకపోతున్న అక్క ఎవరైనా ఉన్నారేమో చూడండి.

ఇక ఆసుపత్రి. ములుగు, భూపాలపల్లి వైపు పల్లెల నుంచి, మీ జిల్లా తండాల నుంచి వచ్చినవారు అక్కడ రోజుల తరబడి చెట్ల కింద, వరండాల్లో పడుకుంటారు. వారికి ఏం కావాలో ముందే మనం తీర్మానించుకోకుండా, ఇద్దరు ముగ్గురు వెళ్లి అడిగి రండి. అన్నం కొన్నిసార్లు వేరేవారు కూడా తెచ్చి పెడుతుంటారు. చీటీ చదివి ఏ గదికి వెళ్లాలో చెప్పేవారు, రోగి దగ్గర ఒక రెండు గంటలు కూర్చుని వెంట వచ్చిన మనిషిని నిద్రపోనిచ్చేవారు, రక్తం ఇచ్చేవారు అన్నం కన్నా అరుదు. (రక్తం ఇవ్వదలచినవారు ఉపవాసం రోజున కాకుండా, తిన్న రోజున ఇవ్వాలి.) ఏది చేసినా ఆసుపత్రి అధికారుల అనుమతి తీసుకోండి, వార్డుల్లోకి గుంపుగా వెళ్లకండి.

కరపత్రం విషయంలో నా అభిప్రాయం సూటిగానే చెబుతాను: వద్దు. ఆకలితో ఉన్నవాడు అన్నం కోసం చేయి చాపినప్పుడు ఆ చేతిలో కాగితం కూడా పెడితే, కాగితం తీసుకోకపోతే అన్నం ఇస్తారో లేదోనన్న సందేహం అతనికి రావచ్చు. ఆ సందేహం సువార్తకు మేలు చేయదు. మీలో ఉన్న నిరీక్షణకు కారణం అడిగేవారికి సాత్వికంతో జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండమని పేతురు రాశాడు. అడిగినప్పుడు చెప్పండి, దాచవలసిన అవసరం లేదు. యేసు శిష్యుల కాళ్లు కడిగిన రాత్రి, తనను అప్పగించబోయే యూదా కూడా ఆ వరుసలోనే ఉన్నాడు. అతను మారతాడని ఎదురుచూసి కడిగిన కాళ్లు కావవి.

మన ఉత్తర తెలంగాణలోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. నిజామాబాద్ దగ్గరి డిచ్‌పల్లిలో కుష్ఠురోగుల ఆసుపత్రిని నెలకొల్పిన డాక్టర్ ఇసబెల్ కెర్ మెథడిస్టు మిషనరీ. అప్పట్లో అందుబాటులో ఉన్న నూనె మందుతో, ఊళ్లనుంచి వెలివేయబడినవారికి ఆమె వైద్యం చేశారు. ఆ ఆసుపత్రికి పెద్ద విరాళమిచ్చినవారు రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత. రోగి బాగుపడాలన్న ఒక్క విషయంలో ఇద్దరికీ పొత్తు కుదిరింది. మీ ఊళ్లో కూడా మీ సేవకు బియ్యం ఇవ్వడానికి వేరే మతంవారు ముందుకు వస్తే, కాదనకండి.

ఫొటోల గురించి మత్తయి ఆరవ అధ్యాయం చెప్పినదానికి నేను కలపవలసింది పెద్దగా లేదు. దాతలకు లెక్క చూపాలంటే కొన్న బియ్యం రసీదు ఫొటో తీయండి, తీసుకున్న మనిషి ముఖం వద్దు. ఖర్చు కోసం, మన పెద్దమ్మలు చేసినట్టు ప్రతి పూటా ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు బియ్యం వేరే డబ్బాలో వేసే అలవాటును మళ్లీ మొదలుపెట్టండి; శ్రమకాలం అయిపోయాక కూడా ఆ డబ్బా నిండుతూనే ఉంటుంది.

జగిత్యాల నుంచి ఒక సోదరి: మా అత్తగారు శనివారం ఒక్కపొద్దు ఉంటారు, నేను శుక్రవారం ఉపవాసముంటాను. ఎవరిది నిజమైన ఉపవాసమని ఇంట్లో వాదన జరుగుతోంది.

ఈ వాదనలో మీరు గెలిస్తే ఓడినట్టే. ఉపవాసమున్నప్పుడు తలకు నూనె రాసుకుని ముఖం కడుక్కోమని, మనుషులకు కనబడనీయవద్దని ప్రభువు చెప్పాడు. మీ ఉపవాసం ఇంటివారి వాదనకు విషయమైందంటే అది అప్పటికే బాగా కనబడింది. మీ భర్తకు కూడా చెప్పి, ఆయన ఒప్పుదలతో, చప్పుడు లేకుండా ఉండండి. శనివారం అత్తగారికి వంట పని తప్పించండి.

కరీంనగర్ నుంచి ఒక సోదరుడు: శ్రమకాలంలో ఆదివారం కూడా ఉపవాసముండాలా?

అక్కర్లేదు. భస్మ బుధవారం నుంచి ఈస్టరు ముందు శనివారం వరకు లెక్కపెడితే 46 రోజులు వస్తాయి. అందులో ఆరు ఆదివారాలు తీసేస్తేనే నలభై. ఆదివారం పునరుత్థాన దినం గనుక మొదటి నుంచీ సంఘం దాన్ని ఉపవాస దినంగా లెక్కించలేదు. ఆ రోజు ఇంటిల్లిపాదితో కలిసి భోజనం చేయండి.